ధర్మాబాద్‌లో బీరు హోల్‌సేల్: మార్జిన్ తర్వాత, ముందు రోజులు లెక్కపెట్టండి

అడిగింది ఇదీ: "మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. బీర్ షాపీ (చిల్లరగా బీరు అమ్మే దుకాణం) ఉంది. నాందేడ్ నుంచి సరుకు ఎప్పుడూ ఆలస్యమే. ఎఫ్‌ఎల్‌-1 (హోల్‌సేల్ లైసెన్సు) తీసుకుని ఉమ్రి, కుండల్‌వాడి, బిలోలి, దెగ్లూరు షాపులకు మేమే సరఫరా చేస్తే ఎట్లుంటుంది? నెలకు 4,000 కేసులు పోతాయని అంచనా. కేసుకు 60 రూపాయలు మిగిలినా 2 లక్షల 40 వేలు. చేతిలో 50 లక్షలున్నాయి. బోధన్‌లో వైన్స్ నడిపే మా బావ మాత్రం వద్దంటున్నాడు."

ముందు మీ బావ సంగతి. ఆయన చూసిన హోల్‌సేల్ వేరు, మీరు దిగబోయేది వేరు. తెలంగాణలో బీరంతా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే రావాలి. షాపువాడు డబ్బు ముందు కట్టాలి, తర్వాతే సరుకు ఎత్తుకోవాలి. ఉద్దెర అన్న మాటే లేదు, మధ్యలో ప్రైవేటు హోల్‌సేలరూ లేడు. ఒడిశాలోనూ అంతే, 2001 నుంచి ఆ రాష్ట్ర కార్పొరేషనే ఏకైక హోల్‌సేలరు. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు మనవాళ్లు ఇదే ప్రశ్న అడిగితే లారీ కాంట్రాక్టో, రిటైల్ షాపో చూసుకోమని చెప్పడం తప్ప దారి లేదు. మహారాష్ట్రలో బ్రూవరీ (బీరు తయారయ్యే ఫ్యాక్టరీ) నుంచి ఎఫ్‌ఎల్‌-1 వాళ్లకు, వాళ్ల నుంచి బీర్ షాపీలకు, వైన్ షాపులకు, పర్మిట్ రూములకు (కూర్చుని తాగే బార్లకు) సరుకు పోతుంది. కాబట్టి దారి ఉంది. ఈ దారిలోనే ఉద్దెర కూడా ఉంది. మీ లెక్కలో అది లేదు.

మీ 60 రూపాయలనే తీసుకుందాం. 650 మి.లీ. సీసాలు పన్నెండు ఉన్న కేసు డ్యూటీ, కిరాయి అన్నీ కలిపి మీ గోడౌన్‌లో 1,400కు పడిందనుకోండి. ఇది లెక్క కోసం పెట్టుకున్న ధర. మీ బ్రాండ్ల ధరలు వేసుకుని ఇదే పద్ధతిలో మళ్లీ చేసుకోండి. దించే హమాలీ 4, ఎక్కించే హమాలీ 4, పికప్‌లో షాపుకు చేర్చడానికి 12, పగుళ్లు 4, గోడౌన్ కిరాయి, గుమాస్తా జీతం, కరెంటు కలిపి కేసుకు 10. మొత్తం 34. చేతిలో మిగిలేది 26. ఇప్పుడు వడ్డీ. ఏడాదికి 18 శాతం లెక్కన 1,400 మీద రోజుకు దాదాపు 69 పైసలు. సరుకు గోడౌన్‌లో 15 రోజులు ఉండి, షాపువాడు డబ్బివ్వడానికి ఇంకో 21 రోజులు పడితే 36 రోజులు, అంటే 25 రూపాయలు. మిగిలేది ఒక్క రూపాయి. 38వ రోజు నుంచి ఎదురు డబ్బు పెట్టి వ్యాపారం చేస్తున్నట్టు లెక్క. అదే మొత్తం 20 రోజుల్లో ముగిస్తే కేసుకు 12 రూపాయలు నికరం. నెలకు 4,000 కేసులకు 48 వేలు. మీరు రాసిన 2 లక్షల 40 వేలు ఏ లెక్కలోనూ రాదు.

"నా సొంత డబ్బే కదా, వడ్డీ ఎవరికి కట్టాలి" అనుకోవద్దు. ఆ 50 లక్షలు ఇంకోచోట పెడితే వచ్చేదే దాని ఖర్చు. పైగా అవి చాలవు కూడా. రోజుకు 133 కేసులు, 36 రోజులు, కేసు 1,400 అంటే 67 లక్షలు తిరుగుతూ ఉండాలి. 20 రోజుల చక్రమైతే 37 లక్షల్లో సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో అమ్మకం రెట్టింపైతే అవసరం కూడా రెట్టింపవుతుంది. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. 20 రోజుల్లో డబ్బు వెనక్కి తెచ్చుకోగలరనుకుంటే దిగండి, లేదంటే షాపీయే నయం.

ఉద్దెర విషయంలో పద్ధతి మొదటి రోజే పెట్టాలి, తర్వాత పెడితే ఎవరూ వినరు. ఒక్కో షాపుకు పరిమితి వాడి పది రోజుల కొనుగోలుకు మించకూడదు. రోజుకు 8 కేసులు తీసుకునేవాడికి 80 కేసులు. పాత బిల్లు 15 రోజులు దాటితే ఫోను, 21 దాటితే సరుకు బంద్. బంధువైనా సరే. పర్మిట్ రూము వాళ్లతో ఇంకా జాగ్రత్త, అక్కడ బీరు మీద వచ్చిన డబ్బు వంటగదికి, జీతాలకు పోయాకే మీ వంతు వస్తుంది. 2023 నవంబరు నుంచి వాళ్ల మీద వ్యాట్ 5 నుంచి 10 శాతమైంది, ఆ బిగువు హోల్‌సేలరు బాకీ మీదే పడుతోంది. చెక్కు తిరిగొస్తే కాలయాపన వద్దు. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, నోటీసు అందుకున్నవాడికి 15 రోజుల గడువు, అది తీరిన నెలలోపు కోర్టులో ఫిర్యాదు. "రేపిస్తా, ఎల్లుండిస్తా" అన్న మాటల్లో మొదటి 30 రోజులు దాటిపోయి కేసు చచ్చిపోవడం ఈ వ్యాపారంలో మామూలు. ఇంకోటి, ఒక మనిషి దగ్గర ఒకే రోజు 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. మూడు బిల్లులుగా చీల్చినా రోజు మొత్తం కలిపే చూస్తారు.

గోడౌన్ గురించి. పన్నెండు సీసాల కేసు సుమారు 14 కిలోలు, నేల మీద దాదాపు 0.8 చదరపు అడుగు పడుతుంది. ఆరు వరసల కంటే ఎత్తు పేర్చొద్దు. ఎండాకాలం తట్టుకోవడానికి 4,000 కేసులు పట్టాలంటే పేర్పులకే 530 చదరపు అడుగులు కావాలి, నడవడానికి, బ్యాచ్ వారీగా విడదీయడానికి దానికి రెట్టింపు వేసుకోండి. 1,100 నుంచి 1,300 చదరపు అడుగులు సరిపోతాయి. కింది అంతస్తు తప్పనిసరి. ఆరు వరసలంటే చదరపు అడుగుకు వంద కిలోల పైన బరువు, ఇళ్ల మీది మిద్దె దాన్ని మోయదు. నేలకు నాలుగంగుళాల ఎత్తున చెక్క పాలెట్లు, గోడకు అడుగున్నర దూరం. వానాకాలంలో నేల చెమ్మ అట్టపెట్టెను మెత్తబరిస్తే మొదట కూలేది అడుగు వరసే, దానితోపాటు పైన ఉన్న అయిదూ కూలతాయి. మూత అంచున తుప్పు కనిపించిన సీసాను షాపువాడు తీసుకోడు, తీసుకున్నా గిరాకీ వెనక్కి తెస్తాడు.

చెమ్మ కంటే పెద్ద శత్రువు వేడి. ఈ ప్రాంతపు మే నెలలో బయట 44 ఉంటే రేకుల షెడ్డులో పై వరస దగ్గర 50కి చేరుతుంది. సీసా మీద ఆరు నెలల గడువు రాసి ఉన్నా అది మామూలు నిల్వకు రాసింది. పది డిగ్రీలు పెరిగితే బీరు పాతబడే వేగం రెండు మూడింతలవుతుంది. ఎండాకాలంలో రేకుల కింద ఆరు వారాలుంటే తేదీ ఇంకా నాలుగు నెలలున్నా రుచి పోతుంది. ఫిర్యాదు వచ్చినప్పుడు కారణం ఇట్లా పట్టుకోవచ్చు. తడిసిన అట్టముక్క రుచి, లేత మబ్బు కనిపిస్తే వేడి దెబ్బ. నురుగు లేక చప్పగా ఉంటే మూత వదులు, పేర్పులో ఒత్తిడో, సీసాల కంపెనీ లోపమో. చెడ్డ కంపు కొడితే వెలుగు తగిలింది. గోధుమ రంగు సీసా కొంత కాపాడుతుంది, పచ్చ సీసా కాపాడదు. కాబట్టి పచ్చ సీసాల బ్రాండ్లను కిటికీ పక్కన, ట్యూబులైటు కింద తెరిచిన పెట్టెల్లో ఉంచకండి. రేకుల మీద తెల్ల సున్నం, లోపల అడుగు కింద ఫాల్స్ సీలింగ్, ఎదురెదురుగా రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు. ఏసీ అక్కర్లేదు, దానికి ఈ మార్జిన్ చాలదు.

లారీ దగ్గరికి వద్దాం. మీ బ్రాండ్లలో ఎక్కువ భాగం ఛత్రపతి సంభాజీనగర్, అంటే పాత ఔరంగాబాద్ దగ్గరి వాళూజ్ వైపు బ్రూవరీల నుంచి వస్తాయి. విచిత్రం ఏమంటే దెగ్లూరు నుంచి సంగారెడ్డి బ్రూవరీలు 161 జాతీయ రహదారి మీద మూడు గంటల దూరమే, కానీ ఆ బీరు మీకు రాదు. రాష్ట్రం మారితే లేబులు మారాలి, డ్యూటీ మారాలి, దిగుమతి అనుమతి కావాలి. కాబట్టి దూరపు లారీయే. పది టైర్ల లారీలో బరువు నిబంధన ప్రకారం సుమారు 1,200 కేసులు పడతాయి, అంటే 14,400 సీసాలు. వెయ్యికి మూడు పగిలినా 43 సీసాలు, 5,000 రూపాయలు. పైన కేసుకు 4 రూపాయలు వేసింది ఇదే.

దించేటప్పుడు వరస ఇట్లా ఉండాలి. టార్పాలిన్ విప్పకముందే సీలు, లారీ నంబరు, ట్రాన్స్‌పోర్ట్ పాస్‌లో (సరుకు రవాణాకు ఎక్సైజు అనుమతి కాగితం) ఉన్న గడువు సమయం ఫోను వీడియోలో పడాలి. తర్వాత డాలా తెరిచి తడిసిన అట్టపెట్టెలను పక్కకు తీయాలి. పొడిగా ఉన్న ప్రతి ఇరవయ్యో కేసును ఎత్తి మెల్లగా ఊపితే పగిలిన గాజు చప్పుడు చెప్పేస్తుంది. ఆ తర్వాత బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎంఆర్‌పీ, 'మహారాష్ట్రలో అమ్మకానికి మాత్రమే' అన్న ముద్ర ఇన్వాయిస్‌తో సరిపోవాలి. పగుళ్లు డ్రైవరు సంతకంతో అదే కాగితం మీద రాయించాలి, మరుసటి రోజు చెబితే కంపెనీ వినదు. రిజిస్టరులో ఆ రోజే ఎక్కాలి. లెక్కలో లేని ఖాళీ సీసా కూడా తనిఖీలో ప్రశ్నే. దారిలో లారీ చెడిపోయి పాస్ గడువు దాటేలా ఉంటే డ్రైవరు దాచిపెట్టకుండా వెంటనే మీకు, మీరు ఎక్సైజు ఆఫీసుకు చెప్పి గడువు పొడిగించుకోవాలి. గడువు తీరిన పాస్‌తో కదిలే లారీ కాగితాల దృష్టిలో పాస్ లేని లారీయే. అన్నట్టు, సీసా నడుము చుట్టూ తెల్లగా గీసుకుపోయిన వలయాలుంటే అది చాలాసార్లు తిరిగిన పాత సీసా. కబాడీ ద్వారా బ్రూవరీకి వెళ్లి మళ్లీ నిండి వచ్చింది. పగిలేది ఎక్కువగా అవే, ఆ బ్యాచ్‌ను పేర్పులో పై రెండు వరసల్లో పెట్టండి.

షాపులకు పంపడంలో చాలామంది నష్టపోయేది సగం బండితో పోయి. బొలెరో పికప్‌లో 100 కేసులు పడతాయి. ట్రిప్పుకు 1,200 అయితే కేసుకు 12. 60 కేసులతోనే పరుగెత్తితే 20. కుండల్‌వాడి, బిలోలి, దెగ్లూరు ఒక దారి, ఉమ్రి ఇంకో దారి. దారికి వారంలో రెండు రోజులు ఖాయం చేసి, ముందురోజు సాయంత్రం ఆరుకల్లా ఆర్డరు తీసుకోండి. "రెండు కేసులు అర్జంటు" అన్నవాడికి మీ బండి పోకూడదు, వాడే వచ్చి తీసుకెళ్లాలి. పాసూ లెక్కలూ అప్పుడు కూడా తప్పవు.

ఆర్డరు పెట్టడంలో కంటి అంచనా వద్దు. బ్రాండు వారీగా గత నాలుగు వారాల రోజువారీ సగటు తీసి, సరుకు రావడానికి పట్టే రోజులు, అదనపు భద్రతా రోజులు కలిపి గుణించండి. మామూలు రోజుల్లో ఒక స్ట్రాంగ్ బ్రాండు రోజుకు 40 కేసులు, రావడానికి 5 రోజులు, భద్రతకు 4. అంటే 360కి తగ్గగానే ఆర్డరు. ఏప్రిల్‌లో అదే బ్రాండు 70, బ్రూవరీలకే ఊపిరి ఆడదు కాబట్టి 8, భద్రతకు 5. అంటే 910. ఆ నెలల్లో కంపెనీ ఒక ఎత్తు వేస్తుంది. పోయే బ్రాండు కావాలంటే పోని బ్రాండు కూడా జోడీగా తీసుకోమంటుంది. లారీకి 50 కేసుల వరకు మింగొచ్చు. అంతకు మించితే ఆ జోడీ సరుకు జూలైలో మీ గోడౌన్‌లోనే పుట్టినరోజు చేసుకుంటుంది. ఒక్క కేసు గడువు తీరి పారబోస్తే 1,400 పోయినట్టు. కేసుకు 12 నికరం వచ్చే వ్యాపారంలో అది 117 కేసుల కష్టం. అందుకే ప్రతి పేర్పు మీద తయారీ తేదీ పెద్ద అక్షరాలతో రాసి అంటించండి, ముందు తయారైంది ముందు పోవాలి. ముందు వచ్చింది కాదు, ముందు తయారైంది. రెండు డిపోల నుంచి వచ్చే లారీల్లో కొత్త లారీలో పాత బ్యాచ్ రావడం అరుదేం కాదు. తేదీ ఇంకా 60 రోజులుండగానే స్కీము పెట్టి వదిలించుకోండి, 30 రోజులున్నప్పుడు ఉచితంగా ఇచ్చినా షాపువాడు తీసుకోడు.

మే చివరి వారం ప్రమాదకరమైన వారం. ఎండ మండుతుంటుంది, ఫోన్లు మోగుతుంటాయి, చేతులు ఊరుకోక రెండు లారీలు చెప్పేస్తారు. జూన్ రెండో వారంలో వాన పడగానే అమ్మకం ఒక్కసారి పడిపోతుంది, శ్రావణంలో ఇంకా తగ్గుతుంది. మే 20 తర్వాత ఆర్డరును ఆ రోజు అమ్మకం చూసి కాకుండా దానిలో సగం చూసి వేయండి. మళ్లీ దసరాకు, డిసెంబరు ఆఖరుకు లేస్తుంది. ఎన్నికలప్పుడు పోలింగు ముగిసేదాకా 48 గంటలు, ఓట్ల లెక్కింపు రోజు షాపులు మూత. తెలంగాణలో ఎన్నికలున్నప్పుడు కూడా సరిహద్దు షాపులకు ఆ ఉత్తర్వు రావడం మామూలే, కాబట్టి రెండు రాష్ట్రాల ఎన్నికల తేదీలూ గోడ మీద రాసిపెట్టుకోండి.

సరిహద్దు అన్నాం కాబట్టి ఇది సూటిగా చెప్పాలి. ధరల తేడా వచ్చినప్పుడల్లా ధర్మాబాద్, బిలోలి షాపుల్లో గిరాకీ వింతగా పెరుగుతుంది. 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపింది, ఫిబ్రవరిలో అక్కడ బీరు ధర 15 శాతం పెరిగింది. అట్లాంటి వారాల్లో రోజుకు 8 కేసులు తీసుకునే షాపు 40 అడిగితే సంతోషపడకండి. ఆ సరుకు బాసర వైపో, సాలూర దాటి బోధన్ వైపో పోతోందన్నమాట. అక్కడ దాన్ని ఎన్‌డీపీఎల్, అంటే డ్యూటీ కట్టని మద్యం అంటారు, ఒక్క కేసు దొరికినా కేసే. సీసా మీద బ్యాచ్ నంబరు ఉంటుంది, అది ఏ హోల్‌సేలరుకు వచ్చిందో బ్రూవరీ చెబుతుంది, మీ పుస్తకం ఏ షాపుకు పోయిందో చెబుతుంది. కాబట్టి బిల్లులో బ్యాచ్ నంబరు రాయడం మీ మెడ కాపాడుకోవడానికే. ఏ షాపుకైనా నెల సగటుకు రెండింతలు దాటితే కారణం రాతపూర్వకంగా తీసుకోండి.

మార్కెట్ ఎటు పోతోందంటే, మన వైపు అమ్ముడయ్యేదంతా స్ట్రాంగే, అంటే 5 శాతం పైన 8 శాతం లోపు ఆల్కహాల్ ఉన్నది. మైల్డు పెద్ద ఊళ్ల సరుకు, పదికి ఒకటి పెట్టుకుంటే చాలు. డబ్బాలకు గిరాకీ పెరుగుతోంది. పగలవు, తేలిక, త్వరగా చల్లబడతాయి. పగుళ్ల 4 రూపాయలు మిగిలే సరుకది. కాకపోతే అల్యూమినియం డబ్బాలకు 2025 ఏప్రిల్ నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నాణ్యతా నిబంధన వచ్చాక డబ్బాల కొరత పడింది, వాటి మీదే ఆధారపడి బ్రాండ్ల జాబితా వేయొద్దు. 2025 జూన్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం విస్కీ, బ్రాందీల మీద డ్యూటీ గట్టిగా పెంచి బీరును వదిలేసింది. చవక క్వార్టరుకూ స్ట్రాంగ్ సీసాకూ మధ్య తేడా తగ్గడం బీరుకు మేలే. అదే నిర్ణయంలో 'మహారాష్ట్ర మేడ్ లిక్కర్' అనే చవక రకాన్నీ తెచ్చారు, కూలి జనం ఉండే ఊళ్లలో అది బీరును కొంత తింటుంది. కొత్త క్రాఫ్ట్ బ్రాండ్లతో ఉద్దెర తీసుకోండి, ఉద్దెర ఇవ్వకండి. బీరా లాంటి పేరున్న బ్రాండే కంపెనీ పేరులోంచి 'ప్రైవేట్' అన్న మాట తీసేసినందుకు రాష్ట్రాల్లో లేబుళ్లన్నీ కొత్తగా నమోదు చేయాల్సి వచ్చి నెలల తరబడి అమ్మకం ఆగింది. లేబుల్ నమోదు కాని సరుకు గోడౌన్‌లో ఉంటే అది సరుకు కాదు, సమస్య.

విధానాల మీదా ఓ కన్ను ఉండాలి. గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం. చంద్రపూర్‌లో 2015 ఏప్రిల్‌లో పెట్టి 2021లో ఎత్తేశారు. ఆ ఆరేళ్లలో అక్కడి గోడౌన్ల గతి ఊహించుకోండి. జిల్లా మొత్తం కాకపోయినా ఊరికో షాపు మూతపడే దారి ఇంకోటుంది, 'ఆడ్వీ బాట్లీ, ఉభీ బాట్లీ', అంటే పడుకున్న సీసా, నిలబడ్డ సీసా ఓటింగు. ఓటర్లలో నాలుగో వంతు మంది అడిగితే ఓటింగు పెడతారు, సగం కంటే ఎక్కువ మంది పడుకున్న సీసాకు ఓటేస్తే షాపు మూత. మూతపడ్డ షాపు మీకిచ్చే బాకీ ముందుగా ఎగిరిపోతుంది. ఏ ఊళ్లో అయినా సంతకాల సేకరణ మొదలైందని వినగానే ఆ షాపును నగదు మీదకు మార్చండి.

లైసెన్సు కోసం నాందేడ్ ఎక్సైజు సూపరింటెండెంట్ ఆఫీసులో ఆ ఏడాది ఫీజు ఉత్తర్వు చూసి, గోడౌన్ నక్షా, కిరాయి ఒప్పందం, సొంత పేర కాగితాలతో అడగండి. ఎవరిదో పాత లైసెన్సు నెలకింత అని కిరాయికి తీసుకుని నడపమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. తప్పు జరిగితే లైసెన్సు అతనిది, సరుకు మీది, రెండూ పోతాయి. ఫుడ్ లైసెన్సు విడిగా కావాలి. బీరు జీఎస్టీలో లేదు కాబట్టి రాక్‌లకు, బండికి, కంప్యూటరుకు కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు, ఖర్చులోనే వేసుకోండి. లైసెన్సు ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. కొత్త డ్యూటీ, కొత్త ఎంఆర్‌పీ కూడా ఎక్కువగా ఏప్రిల్ 1నే దిగుతాయి. మార్చి 20 తర్వాత పది రోజుల అమ్మకానికి మించి నిల్వ పెట్టొద్దు. నవీకరణ చలానా మార్చి మొదటి వారంలోనే కట్టేయండి. ఒక్క రోజు లైసెన్సు ఖాళీ పడినా బ్రూవరీ మీ పేర పాస్ తీయదు, అదీ సీజను మొదలయ్యే వారంలో.